కిరణ చికిత్స నియమముల వెనుకనున్న చరిత్ర

తల్లికో తండ్రికో కాన్సరు అని తేలి, "రేడియేషన్ ఇవ్వవలెను" అని వైద్యులు చెప్పిననాడు ఆ యింటివారికి దిక్కు తోచదు. మన పల్లెలలో ఈ చికిత్సకు "కరెంటు పెట్టడం" అను పేరు స్థిరపడిపోయినది. ఆ పేరులోనే సగము భయమున్నది. ఒళ్లు కాలిపోవునని ఒకరు, పసిపిల్లలను దగ్గరకు రానీయరాదని మరొకరు, పెద్ద ప్రాణము ఓర్వలేదని ఇంకొకరు తలకొక మాట చెప్పుదురు.

ఆసుపత్రికి పోయిన తరువాత సందేహములు ఇంకను పెరుగును. మందు ఒక్కసారి ఇచ్చి పంపక, వారమునకు ఐదు రోజుల చొప్పున ఆరు వారములు ఎందుకు రమ్మందురు? ముఖముపై జల్లెడవంటి ముసుగును ఎందుకు బిగింతురు? ఒంటిపై గుర్తులు పెట్టి, చెరపవద్దని ఎందుకు చెప్పుదురు? రోగిని ఒంటరిగా విడిచి అందరును గది బయటకు ఎందుకు పోవుదురు? గొంతులో జబ్బు ఉండగా దంత వైద్యుని వద్దకు ఎందుకు పంపుదురు?

ఈ నియమములలో ఏదియు ఒక వైద్యుని యిష్టము వలన పుట్టినది కాదు. ఒక్కొక్క దాని వెనుక ఒక్కొక్క అనుభవము, కొన్నిటి వెనుక కొందరి ప్రాణములు కలవు. కారణము తెలిసిన రోగి నియమమును పాటించును. తెలియని రోగి సగములో మానుకొనును. సగములో మానిన కిరణ చికిత్స తెగని ముడివంటిది. కావున ఇంటిలో చదువుకొనిన బిడ్డ గాని, వీధిలోని సైన్సు ఉపాధ్యాయుడు గాని ఈ చరిత్రను తెలిసికొని పెద్దలకు చెప్పగలిగినచో, అది కూడ చికిత్సలో ఒక భాగమే అగును.

కనిపించని వెలుతురు

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున విల్‌హెల్మ్ రంట్జెన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు, గాలి తీసివేసిన గాజు గొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసి ప్రయోగము చేయుచుండెను. గొట్టమును నల్లని కాగితముతో కప్పియుంచినను, కొంత దూరములోనున్న రసాయనము పూసిన తెర మెరయుట ఆయన గమనించెను. కాగితమును దాటి వచ్చిన ఆ కిరణములేవో తెలియకపోవుటచే వానికి ఎక్స్ కిరణములని పేరు పెట్టెను. 1901లో మొట్టమొదటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము ఆయనకే లభించినది.

"కరెంటు" అను మాటలో నిజమెంతయో ఇక్కడనే తేలిపోవును. కిరణములను పుట్టించుటకు యంత్రమునకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు యంత్రములోనే ఉండిపోవును. దీపము క్రింద కూర్చుండి చదువుకొను పిల్లవానిమీద పడునది వెలుతురే కాని విద్యుత్తు కాదు కదా! రోగిమీద పడునది కూడ ఒక విధమైన వెలుతురే. మన కంటికి కానరాని, శరీరములోనికి చొచ్చుకొనిపోగల వెలుతురు.

కిరణములు బయటపడి యేడాదియైనను నిండకముందే వైద్యులు వానిని చికిత్సకు వాడ మొదలిడిరి. 1896 జూలైలో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున విక్టర్ దెస్పేన్య్ అను వైద్యుడు జీర్ణకోశపు కాన్సరుగల రోగిపై వానిని ప్రయోగించెను. రోగి దక్కలేదు. ఆ యేడాదియే వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ అను వైద్యుడు, వీపుమీద దట్టమైన రోమములతో పుట్టుమచ్చగల ఐదేండ్ల బాలికకు ఎక్స్ కిరణములు ఇచ్చెను. రోమములు రాలిపోయెను. కాని తరువాత ఆ చర్మము పుండు పడెను. 1899లో స్వీడనులో టాగె షోగ్రెన్, టోర్ స్టెన్‌బెక్ అను వైద్యులు చర్మపు కాన్సరును కిరణములతో నయము చేయగలిగిరి.

ఈ మూడింటినుండి రెండు సంగతులు తెలియుచున్నవి. కిరణములు పైనున్న చర్మముపై పనిచేసెను; లోపలనున్న జబ్బును అందుకొనలేకపోయెను. మేలు చేయగల ఆ కిరణములే కీడును చేయగలవు. తరువాతి నూరేండ్ల చరిత్ర అంతయు ఈ రెండు చిక్కులను విడదీయుటయే.

కాలిన చేతులు

1898లో మేరీ క్యూరీ, పియర్ క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. 1901లో హెన్రీ బెకరెల్ రేడియము గల చిన్న గొట్టమును చొక్కాజేబులో పెట్టుకొని తిరుగగా, జేబు ఆనిన చోట చర్మముపై కాలిన గాయము లేచెను. పియర్ క్యూరీ కావలెననియే తన చేతిపై రేడియమును పది గంటలసేపు ఉంచుకొని, అక్కడ చర్మము ఎర్రబడి పుండై, మానుటకు వారముల తరబడి పట్టుట వ్రాసిపెట్టెను. ఆరోగ్యముగా నున్న చర్మమునే చంపగల వస్తువు చెడ్డకంతిని కూడ చంపగలదు కదా అను ఆలోచన వైద్యులలో బలపడెను.

కొందరు ఆ గాయముల నుండి కోలుకొనలేదు. అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ ఎక్స్ కిరణ గొట్టములను తన చేతులు అడ్డుపెట్టియే పరీక్షించుచుండెడివాడు. చేతులకు కాన్సరు వచ్చి, వానిని తొలగించినను ఫలము లేక 1904లో మరణించెను. ఎడిసన్ ఆ కిరణముల పరిశోధననే మానుకొనెను. ఇట్లు ప్రాణములు కోల్పోయిన వైద్యులు, నర్సులు, శాస్త్రజ్ఞుల జ్ఞాపకార్థము 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున సెయింట్ జార్జి ఆసుపత్రి ఆవరణలో ఒక శిలాస్మారకమును నిలిపిరి. మొదట దానిపై 169 పేర్లు ఉండెను. తరువాత ఇంకను చేర్చిరి. మేరీ క్యూరీ సైతము 1934లో రక్తము ఉత్పత్తికాని వ్యాధితో కన్ను మూసెను.

చికిత్స జరుగునపుడు సిబ్బంది గది బయటకు ఎందుకు పోవుదురో ఇప్పుడు తెలిసినది. రోగి తనకు అవసరమైన మోతాదును, అవసరమైన చోట, కొన్ని వారములు మాత్రమే పొందును. సిబ్బంది దినమునకు పదులకొలది రోగులకు, ఏండ్ల తరబడి ఈ పని చేయవలెను. వారికి ఒక్కొక్క చిన్న మోతాదును చేరుచు పోయినచో డాలీ గతియే పట్టును. అందుకే గదికి మీటరుకు మించిన దళసరిగల కాంక్రీటు గోడలు కట్టుదురు. బయటనుండి కెమెరాలో రోగిని చూచుచునే ఉందురు, మైకులో మాటాడుదురు. చేయి ఎత్తినచో యంత్రమును ఆపి లోపలికి వత్తురు. "నన్ను వదిలి పరుగెత్తారు" అని పెద్దలు బాధపడకుండ ఈ సంగతి ముందుగనే చెప్పవలెను.

మరి పసిపిల్లల మాట? బయటనుండి యంత్రముతో ఇచ్చు చికిత్సలో రోగి ఒంటిలో కిరణములు మిగులవు. మీట నొక్కి దీపమును ఆర్పినచో గదిలో వెలుతురు మిగులునా? ఇదియు అంతే. ఇంటికి వచ్చిన నాయనమ్మ ఒడిలో మనుమడు కూర్చుండవచ్చును. అందరితోపాటు భోజనము చేయవచ్చును. థైరాయిడు గ్రంథి జబ్బునకు రేడియో అయొడిను త్రాగించునపుడును, ధార్మిక పదార్థమును శరీరములోనే ఉంచునపుడును నియమములు వేరు. అప్పుడు ఎన్ని దినములు ఎడముగా నుండవలెనో వైద్యులే చెప్పుదురు. మనకు ఇచ్చుచున్నది ఏ విధమైన చికిత్స అని మొదటనే అడిగి తెలిసికొనవలెను.

పొట్టేళ్లు నేర్పిన పాఠము

1906లో బెర్గోన్యే, ట్రిబోన్డో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక సూత్రమును చెప్పిరి: ఏ కణములు వేగముగా విభజన చెందుచుండునో వానిపై కిరణముల ప్రభావము ఎక్కువ. కాన్సరు కణములు అట్టివే. అయినచో ఒకే దెబ్బకు పెద్ద మోతాదు ఇచ్చి జబ్బును మొదలంట కాల్చివేయవచ్చును కదా? ఆ కాలపు జర్మను వైద్యులలో పలువురు ఇట్లే తలచిరి. కాని జబ్బు చచ్చునంత మోతాదుకు పైనున్న చర్మము, చుట్టునున్న మంచి కండయు చచ్చుచుండెను.

పారిస్ రేడియం సంస్థలో భౌతిక విభాగమునకు మేరీ క్యూరీయు, జీవశాస్త్ర విభాగమునకు క్లాడియస్ రెగోయును అధిపతులుగా నుండిరి. రెగో ఒక చిత్రమైన ప్రయోగమును చేసెను. పొట్టేలు వృషణములలో శుక్రకణములను పుట్టించు కణములు నిరంతరము విభజన చెందుచునే యుండును. కనుక అవి కాన్సరునకు నమూనాగా పనికివచ్చును. వానిని కప్పియున్న చర్మము మన ఆరోగ్యకరమైన చర్మమునకు నమూనా. ఒకే పర్యాయము కిరణములు ఇచ్చినపుడు, చర్మము పాడుకాకుండ లోపలి ఉత్పత్తిని శాశ్వతముగ ఆపుట సాధ్యపడలేదు. ఆ మోతాదునే అనేక దినములకు పంచి ఇచ్చినపుడు ఉత్పత్తి ఆగిపోయెను. చర్మమునకు పెద్ద హాని కలుగలేదు.

ఇందలి కిటుకు ఏమనగా, ఒక దినము దెబ్బ తగిలిన మంచి కణము మరునాటిలోగా తన గాయమును చాలవరకు బాగుచేసికొనగలదు. కాన్సరు కణమునకు ఆ నేర్పు తక్కువ. దినదినము కొంచెము కొంచెముగ ఇచ్చుచు పోయినచో ఈ వ్యత్యాసము కూడి కూడి, కంతి నశించి మంచి కండ నిలుచును. రెగో సహచరుడైన హెన్రీ కుటార్ 1920 దశకములో ఈ పద్ధతిని గొంతు కాన్సరు రోగులపై అమలుపరచి, ముదిరిన జబ్బును సైతము కొందరిలో నయము చేయగలిగెను. అనేక వారముల చికిత్స ఈ విధముగా పుట్టినది.

నేడు పూర్తిగా నయము చేయవలెనని ఇచ్చు చికిత్సలలో పెక్కింటికి దినమునకు సుమారు 2 గ్రే మోతాదు చొప్పున, వారమునకు ఐదు దినములు, ఐదునుండి ఏడు వారములు పట్టును. గ్రే అన ఏమో ముందు చెప్పుకొందము. అందరికిని ఒకే లెక్క కాదు. రొమ్ము కాన్సరునకు మూడు వారములలో 15 మార్లు ఇచ్చుట చాలునని బ్రిటనులో జరిగిన పెద్ద పరిశీలనలలో తేలినది. వారములో ఐదు మార్లతో సరిపెట్టవచ్చునని 2020లో మరియొక పరిశీలన చూపినది. ఎముకకు ప్రాకిన జబ్బు నొప్పిని తగ్గించుటకు 8 గ్రేల మోతాదును ఒకే మారు ఇచ్చుటయు కలదు. కావున "పక్క మంచము ఆయనకు పదిహేనే, నాకు ముప్పది మూడా?" అని పెద్దలు దిగులుపడ నక్కరలేదు. దినముల సంఖ్య జబ్బు తీవ్రతకు కొలత కాదు.

అయినను లెక్క ప్రకారము రావలసిన దినము రాకుండుట మాత్రము ప్రమాదము. 1988లో విదర్స్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు తల, గొంతు కాన్సరుల చికిత్స ఫలితములను పోల్చి చూచిరి. సుమారు నాలుగు వారములు గడచిన పిమ్మట బ్రతికియున్న కాన్సరు కణములు త్వరత్వరగా పెరుగ నారంభించునని, చికిత్స ఒక్కొక్క దినము సాగినకొలది సుమారు 0.6 గ్రే అదనముగా ఇచ్చినగాని అదే ఫలము రాదని వారు అంచనా కట్టిరి. కలుపు తీయుట సగములో ఆపి వారము తరువాత వచ్చిన రైతునకు పొలము ఎట్లుండునో మనకు తెలియును. శని, ఆదివారముల విరామము ముందే లెక్కలో ఉన్నది. పెండ్లి, పండుగ, నాట్లు అను కారణములతో మానుట ఆ లెక్కలో లేదు. అట్టి పనులను చికిత్స తేదీలు చూచుకొని ముందే సర్దుకొనవలెను. యంత్రము చెడి దినము తప్పినచో దానిని ఎట్లు భర్తీ చేయుదురో వైద్యులను అడుగవచ్చును.

వేడి ఎంత?

తొలినాళ్లలో కిరణములకు కొలబద్ద లేదు. చర్మము ఎర్రబడుటకు పట్టిన మోతాదునే ప్రమాణముగా తీసికొనెడివారు. నల్లని చర్మముపై ఒక విధముగను, తెల్లని చర్మముపై ఒక విధముగను కనబడు ఎరుపుతో కొలతయేమి? 1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ సభలో రంట్జెన్ అను ప్రమాణమును అంగీకరించిరి. 1953లో రాడ్ అను ప్రమాణము, 1975లో గ్రే అను ప్రమాణము వచ్చినవి. ఒక కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించినచో అది ఒక గ్రే. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు లూయీ హెరాల్డ్ గ్రే పేర దీనిని ఏర్పరచిరి.

మా అమ్మగారికి ఈ చికిత్స నిశ్చయమైనపుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న జబ్బును గురించి కాదు. "ఒళ్లంతా వేడి చేస్తుందటగా నాయనా, తట్టుకోగలనా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము లెక్కకట్టి జవాబు చెప్పగలడు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిచేయుటకు సుమారు 4,200 జౌలుల శక్తి కావలెను. శరీరములో అధిక భాగము నీరే. దినమునకు 2 గ్రేలు అనగా కిలోగ్రాముకు 2 జౌలులు. రెండును 4,200 చేత భాగించినచో 0.0005 డిగ్రీకి లోపుననే వచ్చును. ముప్పది దినముల మోతాదు 60 గ్రేలను ఒకేసారి కూడినను డిగ్రీలో నూరవ వంతుకు కొంచెము ఎక్కువ. 60 డిగ్రీల వేడిగల కాఫీని ఒక గుక్క, 20 మిల్లీలీటర్లు, త్రాగినచో శరీరమునకు చేరు వేడి సుమారు 1,900 జౌలులు! ఆ లెక్కను కాగితముపై వేసి చూపగా ఆమె నవ్వి, "అయితే కాఫీకే భయపడాలన్నమాట" అనెను. చికిత్స జరుగునపుడు నొప్పి గాని, మంట గాని, షాకు గాని తెలియదు.

మరి ఇంత స్వల్పమైన శక్తి కంతిని ఎట్లు చంపును? భూమి దస్తావేజులో సర్వే నంబరుపై ఒక సిరాచుక్క పడినదనుకొందము. కాగితము బరువు మారదు. కాని ఆ దస్తావేజు చెల్లదు. కిరణము కణములోని డి.ఎన్.ఎ. పోగులను తెంపుట ఇట్టిదే. పని శక్తి మొత్తములో లేదు. ఆ శక్తి పడిన చోటులో ఉన్నది. కణము వెంటనే చావదు; విభజన చెందబోయినపుడు చచ్చును. అందువలననే ఫలము కాని, కష్టము కాని మొదటి దినమున కనబడదు. చర్మము నల్లబడుట, నోరు పూయుట, నీరసము మొదలగునవి సాధారణముగ రెండు మూడు వారములకు మొదలై, చికిత్స ముగిసిన తరువాత కొన్ని వారములకు తగ్గును. "మొదట బాగానే ఉండెను, ఇప్పుడు చెడినది, వైద్యము పడలేదు" అని మధ్యలో మానుకొనువారు ఈ కాలక్రమము తెలియకయే మానుచున్నారు.

లోతునకు పోవు కిరణములు

తొలికాలపు ఎక్స్ కిరణములలో శక్తి తక్కువ. వాని తాకిడి చర్మముపైననే అత్యధికము. లోపలికి పోయినకొలది క్షీణించును. కడుపులోని జబ్బును అందుకొనవలెనన్న ముందు చర్మమును కాల్చవలసివచ్చెడిది. ఈ చిక్కును రెండవ ప్రపంచయుద్ధానంతర కాలమున విడదీసిరి.

మామూలు కోబాల్టును అణు రియాక్టరులో ఉంచినచో కోబాల్టు-60 అను ధార్మిక ఐసోటోపు తయారగును. దాని గామా కిరణములు చర్మమును పెద్దగ బాధింపక, సుమారు అర సెంటీమీటరు లోపల తమ పూర్తి బలమును చూపును. 1951లో కెనడాలోని లండన్, సస్కటూన్ నగరములలో కోబాల్టు యంత్రములతో చికిత్స ప్రారంభమయ్యెను. 1953లో ఇంగ్లండులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో రేఖీయ త్వరణ యంత్రముతో మొదటి రోగికి చికిత్స చేసిరి. ఎలక్ట్రానులను మహావేగముతో లోహముపై కొట్టించి శక్తిమంతమైన ఎక్స్ కిరణములను పుట్టించు ఈ యంత్రమునే నేడు ఆసుపత్రులలో లినాక్ అని పిలుచుచున్నారు. 1956లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో హెన్రీ కాప్లన్ దానితో కంటి కాన్సరుగల రెండేండ్ల బాలునికి చికిత్స చేసి చూపును కాపాడెను.

మన దేశములో 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రియు, 1954లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో మద్రాసు అడయారులో కాన్సరు సంస్థయు వెలసినవి. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో ఏర్పడిన ఆసుపత్రి నేడు ఆయన పేరుననే, ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిగా తెలుగు జిల్లాలకెల్ల తెలిసియున్నది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములవారు మద్రాసు, వేలూరులకు పోవుట తరతరముల అలవాటు. భాభా అణుపరిశోధన కేంద్రము రూపొందించిన భాభాట్రాన్ అను కోబాల్టు యంత్రము దేశీయముగ తయారైనది.

కోబాల్టు-60 అర్ధజీవిత కాలము 5.27 సంవత్సరములు. అనగా అంతకాలమునకు దాని బలము సగమగును. అదే మోతాదు ఇచ్చుటకు రెట్టింపు సమయము పట్టును. ఒక ఆసుపత్రిలో రెండు నిమిషములు, మరియొక దానిలో నాలుగు నిమిషములు పట్టిన కారణము ఇదియే కావచ్చును. మోతాదును భౌతిక శాస్త్రజ్ఞులు లెక్కించి సరిచూచుదురు. నిమిషములు పెరిగినంత మాత్రమున జబ్బు పెరిగినట్లు కాదు.

గురి

బలమైన కిరణము దొరికిన తరువాత గురి ముఖ్యమయ్యెను. ఒకప్పుడు చర్మముపై సిరా గుర్తులు, ఎముకల ఆనవాళ్లు, ఎక్స్ కిరణ చిత్రములు మాత్రమే ఆధారము. మెత్తని అవయవములు వానిలో స్పష్టముగ కనబడవు. కాబట్టి జబ్బు చుట్టు విశాలమైన ప్రదేశమునకు కిరణములు ఇవ్వవలసివచ్చెడిది. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కానరుతో మొదటి రోగి మెదడును పొరలు పొరలుగ చిత్రించిరి. 1979లో ఆయనకును, అలన్ కోర్మాక్‌కును నోబెల్ బహుమానము వచ్చినది. ఆ చిత్రములపై వైద్యుడు కంతి అంచును, కాపాడవలసిన అవయవముల అంచులను గీయగా, భౌతిక శాస్త్రజ్ఞుడు ఏ దిక్కునుండి ఎంత కిరణము రావలెనో గణించును. దీనికి కొన్ని దినములు పట్టును. "స్కాను తీసి వారమైనది, ఇంకను మొదలుపెట్టలేదు" అని విసుగుకొనవలదు; లెక్క తప్పకుండ చూచుటకే ఆ జాగు.

కాని ఆ లెక్క అంతయు స్కాను దినమున రోగి పరుండిన తీరునకు సంబంధించినది. చికిత్స దినములలో అదే తీరున పరుండనిచో గురి తప్పును. అందుకే తల, గొంతు రోగులకు ముసుగు. ఒక ప్లాస్టిక్ పలకను సుమారు 70 డిగ్రీల వేడినీటిలో మెత్తబరచి, ఒంటికి ఓర్చుకొనునంత ఆరనిచ్చి ముఖముపై పరచుదురు. వెచ్చని తడిగుడ్డ వేసినట్లుండును. కొన్ని నిమిషములలో అది ముఖాకృతికి గట్టిపడును. దాని నిండ రంధ్రములుండుటచే ఊపిరి యాడును. మూసిన చోట భయపడు స్వభావము గలవారు ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను. ఇంటిలో పది నిమిషములు కన్నులు మూసికొని కదలక పరుండుట అలవాటు చేసినను మేలు.

ఒంటిపై గుర్తులు కూడ గురి కొరకే. తలంటు పోసికొని సున్నిపిండితో రుద్దినచో అవి చెరిగిపోవును. చెరిగినను సొంతముగ దిద్దరాదు; సిబ్బందికి చెప్పవలెను. పొత్తికడుపు చికిత్సలో మూత్రాశయము నిండుగ ఉంచుకొని రమ్మందురు. నిండిన మూత్రాశయము ప్రేవులను పైకి త్రోసి కిరణముల దారినుండి తప్పించును. ఎన్ని గ్లాసుల నీరు, ఎంతసేపు ముందు త్రాగవలెనో చెప్పినట్లు దినమును పాటించినగాని స్కాను నాటి అమరిక రాదు. ఆడవారు మొగమాటముతో ఈ మాటను అడుగరు. కూతురో కోడలో అడిగి చెప్పవలెను.

ఆమ్లజని, పొగాకు, దంతములు

కిరణములు కణమును చంపుటకు ఆమ్లజని, అనగా ఆక్సిజన్, తోడ్పడును. 1953లో గ్రే, ఆయన సహచరులు ఈ విషయమును వివరించుచు, ఆమ్లజని అందని కంతి భాగములు కిరణములకు లొంగవని చూపిరి. పొగ త్రాగువారి రక్తములో కొంత భాగము కార్బన్ మోనాక్సైడుతో నిండి ఆమ్లజనిని మోయలేదు. అనగా చికిత్స దినములలో త్రాగిన ప్రతి చుట్టయు, ప్రతి బీడీయు కాన్సరు కణమునకు గొడుగు పట్టుటయే. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో నిప్పుకొసను నోటిలో పెట్టుకొని చుట్ట త్రాగు అడ్డపొగ అలవాటు ఆడవారిలో సైతము ఉండెడిది. అంగిలి కాన్సరునకు అది కారణమని వైద్యులు ఏనాడో గుర్తించిరి. చికిత్సకు ముందు పెద్దలచే మాన్పించవలసిన వానిలో ఇది మొదటిది. కోపముతో మాన్పించుట కష్టము. ఆమ్లజని సంగతి చెప్పి మాన్పించుట సులభము.

నోటికి, గొంతుకు కిరణములు ఇచ్చినపుడు లాలాజలము తగ్గును. దవడ ఎముకకు గాయము మానుశక్తి తగ్గును. తరువాత పన్ను పీకినచో ఆ పుండు మానక ఎముకయే చెడవచ్చును. అందుకే పీకవలసిన పుచ్చు దంతములను ముందే పీకి, పుండు మానుటకు రెండు వారముల వ్యవధి ఇత్తురు. తరువాత ఎన్నడైనను దంత వైద్యుని వద్దకు పోయినపుడు "ఇక్కడ రేడియేషన్ ఇచ్చినారు" అని మొదటనే చెప్పవలెను.

ఇంటివారి పని

పై చరిత్రనుండి ఇంటివారు చేయవలసిన పనులు వానంతటవే తేలుచున్నవి. వాడుచున్న మందులన్నిటిని, నాటు మందులతో సహా, ఒక కాగితముపై వ్రాసి చూపవలెను. గుండెకు పేస్‌మేకరు ఉన్నచో మరువక చెప్పవలెను. కిరణములు పడుచోట పసుపు, నూనె, పౌడరు ఏదియు అడుగక పూయరాదు. వదులైన నూలుబట్టలు కట్టవలెను. నోరు పూసినపుడు ఆవకాయ, కారము మాని, గంజి, మజ్జిగన్నము, మెత్తని పప్పు, గ్రుడ్డు పెట్టవలెను. బరువు తగ్గినచో ముసుగు వదులై గురి తప్పును కనుక ఆహారము కూడ చికిత్సలో భాగమే. దినదినము వచ్చిపోవుటకు వాహనము, తోడు, దూరమైనచో బస, ప్రభుత్వ ఆరోగ్య పథకపు కాగితములు ముందే చూచుకొనవలెను. జ్వరము వచ్చినను, మింగుడు పడకున్నను, రక్తము పడినను మరునాటి దాక ఆగక చెప్పవలెను.

వీనికన్న ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. మన ఇండ్లలో పెద్దలకు జబ్బు పేరు చెప్పకుండ దాచుట ప్రేమయని తలచుదురు. శస్త్రచికిత్సలో రోగి నిద్రపోవును; పని వైద్యునిది. కిరణ చికిత్సలో రోగి మేలుకొనియుండి, ముప్పది దినములు తానై వచ్చి, తానై కదలక పరుండవలెను. ఈ వైద్యములో రోగి కూడ ఒక పనివాడే. ఏ పని, ఎందుకు చేయుచున్నాడో తెలియని పనివానిచే ముప్పది దినములు పని చేయించుట న్యాయము కాదు, సాధ్యమును కాదు. ఎంత చెప్పవలెను, ఏ మాటతో చెప్పవలెను అనునది వారి మనసు తెలిసిన బిడ్డలు నిర్ణయించుకొనవలెను. కాని ఏమియు చెప్పకుండుట తగదు.

ఉపాధ్యాయులు ఎక్స్ కిరణముల పాఠము చెప్పునపుడు రంట్జెన్ భార్య చేతి ఎముకల చిత్రమును చూపి ఊరకుండుట పరిపాటి. ఆ పాఠమునకు రెగో పొట్టేళ్లను, గ్రే లెక్కను కూడ చేర్చవలెనని మనవి. తరగతిలోని ఏ పిల్లవాని ఇంటిలో ఏ తాత ఈ చికిత్సకు సిద్ధపడుచుండునో మనకు తెలియదు. రెండును 4,200 చేత భాగించు లెక్కను ఆ పిల్లవాడు ఇంటికి పోయి తాతకు చెప్పగలిగినచో, ఆ దినము చెప్పిన పాఠము పరీక్షకు మించి పనికివచ్చినట్లే.